మోకాలి మీద నీళ్ళ గ్లాసు

మా అక్క మీద నాకు అసూయ. ఈ చిన్న మాట రాయడానికి నలభై నాలుగేళ్ళు పట్టింది. తాయెత్తు మోసమని, ముహూర్తం పిరికితనమని, కులం మనుషులు కట్టుకున్న అబద్ధమని పదిహేడో ఏట నుంచి రాస్తున్నాను. ఏ ఒక్క మాటనూ కొట్టేసి తిరిగి రాయలేదు. దీన్ని మూడుసార్లు కొట్టేశాను.

అక్క కోరుట్లలో బీడీలు చుడుతుంది. ఏడో తరగతి తప్పాక మళ్ళీ బడికి పోలేదు. బావ మస్కట్‌లో పని చేస్తాడు. నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను, హేతువాద సంఘం వేదికల మీద మాట్లాడతాను, పత్రికలకు వ్యాసాలు రాస్తాను. లోకం లెక్క ప్రకారం ఆమెకు నా మీద ఈర్ష్య ఉండాలి. ఉన్నది మాత్రం నాకు. ఎందుకంటే అక్క కూర్చోగలదు. పొద్దున తొమ్మిదికి ఒళ్ళో చాట పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే మధ్యాహ్నం అన్నం వేళ దాకా ఆమె మొత్తంగా అక్కడే ఉంటుంది. నేను ఒక చోట అరగంట ఉన్నానంటే నాలో సగం అప్పటికే లేచి బయటికి వెళ్ళిపోయి ఉంటుంది.

పోయినేడు సిరిసిల్లలో జరిగిన సభ గురించి ముందు చెప్పాలి. అక్కడ ఒకాయన పరీక్షలు రాసే పిల్లల మణికట్టుకు నలుపూ ఎరుపూ కలిపి పేనిన దారం కడతాడు. కడితే నరాలు నెమ్మదిస్తాయట, చదువు మీద మనసు నిలుస్తుందట. మా సంఘం ఆయనను బహిరంగ చర్చకు పిలిచింది. మా తరఫున నేను. ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడినంతసేపూ నేను కదలకుండా, కన్నార్పకుండా విన్నాను. నా వంతు వచ్చి లేచి నిలబడేసరికి తలలో ఒక్క మాట లేదు. రాసుకున్న నాలుగు అంశాల్లో మూడోదానితో మొదలుపెట్టాను. అక్కడి నుంచి సంబంధం లేకుండా బాల్యవివాహాల మీదికి పోయాను. చివరికి ఆయన అననే అనని మాటకు జవాబు చెప్పాను. ఆయన నవ్వాడు. నేను అరిచాను. మా వాళ్ళే మైకు ఆపేశారు.

మా సంఘం అధ్యక్షుడు రిటైరయిన సారు. మా బాపుకు స్నేహితుడు, నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. సభ అయిపోయాక కుర్చీలు మడత పెడుతుంటే పక్కకు పిలిచి, ఇక నువ్వు రాసివ్వు, వేదిక మీద చిన్నవాళ్ళెవరైనా చదువుతారు అన్నాడు. ఇంకొక్క అవకాశం ఇమ్మని బతిమాలాను. జీవితంలో నేను ఎవరినైనా బతిమాలడం అదే మొదలు. ఆయన ఒక కుర్చీ మడిచి పక్కన పెట్టి, "ఒక్కసారే బిడ్డా. గదే సిరిసిల్ల, గదే మనిషి. ఈసారి గూడ గిట్లనే అయితే ఇగ మైకు చిన్నోళ్ళకు ఇద్దాం. నువ్వు మనసుల పెట్టుకోవద్దు" అన్నాడు.

మనసులో పెట్టుకోకుండా ఎలా? వేదిక పోతే నేను ఏమవుతానో నాకే తెలియదు. వంట రాదు, పాట రాదు, ఇల్లు సర్దడం రాదు. మాట్లాడటం ఒక్కటే వచ్చు. అది కూడా పోయేటట్టుంది.

ఆ భయంతోనే కరీంనగర్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి పోయాను. ఆయన రెండు రోజులు అడిగినవన్నీ అడిగి, చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు కూడా తెప్పించుకుని చూసి, ఇది ఏడీహెచ్‌డీ అన్నాడు. పిల్లలకు వచ్చేది కదా అన్నాను. పిల్లల్లో ఉన్నది పెద్దయ్యాక ఎక్కడికి పోతుంది మేడమ్ అన్నాడు. ధ్యాస లేకపోవడం కాదు, దాన్ని కావలసిన చోట, కావలసినంతసేపు నిలపడం కష్టమవడం అని విడమరిచాడు. మాత్రలు రాశాడు. మాత్రలతో కొంత తేడా కనిపించింది. పేపర్లు దిద్దడం మొదలుపెడితే పూర్తయ్యేది. కానీ ఎదుటివాడు మాట్లాడుతుంటే లోపల బిగుసుకుపోవడం తగ్గలేదు. అప్పుడాయన, మాత్రలు ఆపకుండానే జగిత్యాలలో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళిరమ్మన్నాడు. ఒళ్ళును నెమ్మదిగా కుదుటపరిచే పద్ధతులు ఆమె నేర్పుతుందట.

వెళ్ళాను, పోట్లాడటానికి. టవర్ సర్కిల్ దగ్గర మందుల దుకాణం పైన చిన్న గది. గొల్లపల్లి దిక్కు నుంచి వచ్చిన అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో. వాళ్ళమ్మ ఇప్పటికీ నాట్లకు పోతుందని తర్వాత ఒకసారి చెప్పింది. కూర్చోగానే అడిగాను, ఊపిరి పీల్చు, గుణుగు, పాదాలు నేలకు ఆనించు అంటావు, దారం కట్టేవాడికీ నీకూ తేడా ఏమిటని. ఆ అమ్మాయికి కోపం రాలేదు. ఇది జబ్బును తీసెయ్యదని, మాత్రల బదులు కాదని, వీటిలో కొన్నింటికి రుజువులు ఇంకా తక్కువేనని, కొందరికి పని చేస్తుంది, కొందరికి చెయ్యదని చెప్పింది. "మీరు ఒక నోటుబుక్కు పెట్టుండ్రి మేడమ్. పని చేసిందా, చెయ్యలేదా, రోజూ రాయుండ్రి. చెయ్యకపోతె బంద్ చేద్దాం" అన్నది.

తనను తాను అబద్ధమని తేల్చుకోవడానికి సిద్ధపడే వైద్యాన్ని నేను గౌరవించకుండా ఉండలేను. నోటుబుక్కు కొన్నాను.

ఆమె నేర్పినవన్నీ చిన్న పనులు. కుర్చీలో కూర్చుని రెండు పాదాలతో నేలను గట్టిగా నొక్కడం. ఊపిరి తీసుకున్నదాని కంటే వదిలేది నిదానంగా, పొడుగ్గా వదలడం. పెదాలు మూసి గొంతులో సన్నగా గుణగడం. మూడు కిలోల బియ్యం సంచి ఒళ్ళో పెట్టుకుని ఆ బరువును తొడల మీద ఉండనివ్వడం. గోడను రెండు అరచేతులతో తోయడం. తల నెమ్మదిగా తిప్పి గది నాలుగు మూలలూ చూడటం. కూర్చున్నప్పుడు ఒళ్ళు ఊగాలనుకుంటే ఊగనివ్వడం. మొదటి రెండు వారాలూ నోటుబుక్కులో ఎక్కువ రోజులు "లేదు" అనే ఉంది. బియ్యం సంచికి రెండుసార్లు, పొడుగు ఊపిరికి ఒకసారి "కొంచెం" అని రాశాను. ఊగడానికి మాత్రం ఏమీ రాయలేదు, ఎందుకంటే నేను ఊగలేదు. ఊగమంటే నడుము గడ్డకట్టినట్టయ్యేది.

మూడో వారం ఆ అమ్మాయి నన్ను చూస్తూ చూస్తూ, కూర్చున్నప్పుడల్లా ఊపిరి ఎందుకు బిగబడతారని అడిగింది. బిగబడుతున్నానని నాకు తెలియదు. నాలుక కొరుక్కుంటున్నానని, చెప్పుల్లో కాలివేళ్ళు ముడుచుకుంటున్నానని కూడా తెలియదు. చిన్నప్పుడు ఎవరైనా కదలకుండా కూర్చోమనేవాళ్ళా అని అడిగింది. నేను నవ్వాను. గర్వంగానే, మా బాపు నేర్పిన గ్లాసు సంగతి చెప్పాను.

బాపు సర్కారు బడి పంతులు. కోరుట్లలో మా ఇంటి ముందు గదిలో ప్రతి ఆదివారం చర్చ పెట్టేవాడు. విధవా వివాహం మీద, జంతుబలి మీద, జాతకాల మీద. ఏడెనిమిది మంది కుర్రవాళ్ళు, అక్క, నేను. ఇంట్లో అవ్వ (మా అమ్మను అట్లాగే పిలిచేవాళ్ళం), కూర్చుని కాళ్ళు ఊపితే ఇంటికి దరిద్రం పడుతుందని మా తొడల మీద కొట్టేది. బాపు దాన్ని ఎగతాళి చేసేవాడు. కాలు ఊపితే దరిద్రం వస్తే పొద్దంతా కాలితో మిషను తొక్కే దర్జీ ఎప్పుడో అడుక్కతినాలె గద అనేవాడు. మేము పగలబడి నవ్వేవాళ్ళం. అదే బాపు ఆదివారం చర్చలో ఒక నియమం పెట్టాడు. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ, తర్వాత మాట్లాడవలసినవాళ్ళు మోకాలి మీద నీళ్ళు నింపిన స్టీలు గ్లాసు పెట్టుకుని కూర్చోవాలి. చుక్క ఒలికితే వంతు పోయినట్టే. హేతువు నిలకడైన ఒంట్లోనే నిలుస్తుందనేవాడు.

అక్క ప్రతి ఆదివారం ఒలికించేది. ఆమె మోకాలు తానంతట తానే ఆడేది. నాకంటే మూడేళ్ళు పెద్దది, గొంతు బాగుండేది, బాపు ఏం అడిగినా జవాబు ఠక్కున వచ్చేది. కానీ జవాబు చెప్పే వంతే వచ్చేది కాదు. ఏడాది గడిచేసరికి ఆదివారాలు ముందు గదికి రావడం మానేసి పక్కింటి అరుగు మీద ఆడవాళ్ళతో బీడీ ఆకు కత్తిరించడానికి పోయేది. ఏడో తరగతి తప్పింది. అవ్వ చాట కొనిచ్చింది. నేను మాత్రం ఒక్క చుక్క ఒలికించలేదు. ఒలికించనిదాన్ని కాబట్టే మాట్లాడేదాన్నయ్యాను. మా సంఘంలో చేరాక ఆ గ్లాసును నేనే తెచ్చి పెట్టాను. ఇరవై ఏళ్ళుగా మా సంఘంలో కొత్తగా వచ్చే పిల్లలందరూ ఆ గ్లాసుతోనే తయారయ్యారు. వేదిక మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళ మోకాలి మీద గ్లాసు ఉండటం మా సంఘం గుర్తు అయిపోయింది. ఫొటోల్లో కూడా పడుతుంది.

ఇదంతా విని ఆ అమ్మాయి నా ఒళ్ళోంచి బియ్యం సంచి చేతిలోకి తీసుకుంది. తర్వాత చాలా మామూలుగా, "అవ్వ దరిద్రం అన్నది, బాపు క్రమశిక్షణ అన్నడు. కాలు ఊపొద్దనుడైతె ఇద్దరిదీ ఒక్కటే గద మేడమ్" అన్నది.

నాతో వాదించి గెలిచినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళలో ఎవరూ బియ్యం సంచి చేతిలో పట్టుకుని గెలవలేదు. నేను మెట్లు దిగి టవర్ దాకా నడిచి, ఆటో ఎక్కకుండా నిలబడిపోయాను. మూఢనమ్మకాన్ని తరిమేసి, అది పెట్టిన నియమాన్ని మాత్రం శుభ్రంగా కడిగి ఇంట్లో పెట్టుకున్నాం. బాపు పెట్టుకున్నాడు, నేను ఇరవై ఏళ్ళు మోశాను, ఎంతమంది పిల్లల మోకాళ్ళ మీదో పెట్టాను.

ఆ ఆదివారం కోరుట్ల పోయాను. అక్కకు ఈ సంగతి చెబుదామని. నిజం చెప్పాలంటే, పాపం అక్క, ఆ గ్లాసు వల్లే ఇట్లా మిగిలిపోయిందని జాలిపడదామని. జాలి పడటంలో ఒక సుఖం ఉంది, పైనుంచి కిందికి చూస్తాం కాబట్టి.

అక్క అరుగు మీద మరో నలుగురితో కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఏందే చెల్లె, చెప్పకుండ అచ్చినవ్?" అని పక్కకు జరిగి చోటిచ్చింది. చేతులు ఆగలేదు. నేను కూర్చుని ఊరికే చూశాను. ముందు చూశాను, తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒళ్ళో చాట. అందులో తంబాకు, కత్తిరించిన తునికాకు కట్టలు, చుట్టిన బీడీలు, దారం ఉండ. ఆ బరువు తొడల మీద. రెండు పాదాలూ అరుగు అంచు పిట్టగోడకు గట్టిగా ఆనించి ఉన్నాయి. నడుము ముందుకూ వెనక్కూ సన్నగా ఊగుతోంది, ఎడమ మోకాలు ఆడుతోంది. గొంతులో ఏదో రాగం, పాట కాదు, మాట లేదు, తేనెటీగ చప్పుడులా. ప్రతి బీడీ కొన మడిచి దారం తెంపినప్పుడు ఊపిరి నిదానంగా వదులుతోంది. పది, పదిహేను బీడీలకొకసారి తల ఎత్తి వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి మళ్ళీ దించుతోంది.

ఆ ఫిజియోథెరపీ అమ్మాయి నాకు నేర్పినవన్నీ ఇవే. ఒక్కటి తప్పలేదు. నేను డబ్బు పెట్టి, నోటుబుక్కు పెట్టి, "లేదు, లేదు, కొంచెం" అని రాసుకుంటూ కూడబెడుతున్నది మా అక్క ఒంట్లో ముప్పై ఏళ్ళుగా ఊరికే పడి ఉంది.

జాలి పడటానికి వచ్చినదాన్ని అరుగు మీద కూర్చుని కుళ్ళుకున్నాను. బీడీ పని గురించి నేనేమీ తెలియక మాట్లాడటం లేదు. తంబాకు దుమ్ముకు వచ్చే దగ్గు గురించి, మెడ నరాల గురించి, వేళ్ళ కొనలు అరిగి వేలిముద్ర పడకపోవడం గురించి వ్యాసాలు రాసినదాన్ని. ఆ దగ్గు అక్కకు ఉంది, ఆ మెడనొప్పి ఉంది. ఆ పనిని మెచ్చుకోవడం లేదు. అయినా ఆ పని చేసేటప్పుడు ఆమె ముఖంలో ఉన్న నెమ్మది నాకు కావాలి. వ్యాసంలో ఖండించిన దాని పక్కనే కూర్చుని దానికి ఆశపడటం ఎంత సిగ్గుగా ఉంటుందో రాయలేను.

పని లేకపోతే ఎలా ఉంటుందని అడిగాను. పెండ్లిళ్ళలో మండపం ముందు కూర్చోలేనని, పని లేని రోజు ఇంట్లో మూడు పనులు మొదలుపెట్టి మూడూ సగంలో వదిలేస్తానని, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతానని నవ్వుతూ చెప్పింది. పక్కనున్నామె అందుకుని, బావ పంపిన కొత్త ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టి మూడు రోజులు వెతికిందని చెప్పింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అది నా రోజే. అచ్చంగా నా రోజే. అక్కకూ ఉందేమో అనిపించింది. అది తేల్చవలసింది డాక్టరు, నేను కాదు. అయినా నాకున్న జబ్బు పేరు చెప్పి, నువ్వు కూడా ఒకసారి చూపించుకో అన్నాను. దగ్గు తగ్గిస్తాడా మరి ఆయన అని అడిగింది. లేదన్నాను. అయితే చూద్దాంలే అన్నది.

అప్పుడు నేను అడగకూడనిది అడిగాను. నా మీద నీకు ఎప్పుడైనా కుళ్ళు పుట్టిందా అని. పుట్టిందంటే మా లెక్క సమమయ్యేది. అక్క చేతులు ఆపకుండానే కొంచెం ఆలోచించింది, నిజంగానే ఆలోచించింది. "లేదే. నాకెందుకు? నువ్వు టీవీల మాట్లాడితే ఈళ్ళందరికి చూపెట్టిన" అన్నది.

అది భరించలేకపోయాను. నువ్వు ఈ పని కోరుకుని చెయ్యలేదు, నిన్ను ఇందులోకి తోసేశారు, ఆ గ్లాసు ఒలికించావని తోసేశారు, అది కూడా నీకు తెలియదు అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. అక్క మొదటిసారి చేతిలో ఆకు కింద పెట్టింది.

"ఎర్కనే" అన్నది. "బాపు గ్లాసుల నీళ్ళు పోసే పని నీకిచ్చిండు గద. నా దాంట్ల అంచుదాక పోస్తుంటివి. నీ దాంట్ల ఏలెడు తక్కువ పోసుకుంటుంటివి. నాకు అప్పుడే ఎర్క."

మళ్ళీ ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది. కోపం లేదు. నిన్న ఎండ ఎక్కువుంది అన్నట్టే అన్నది.

నాకు గుర్తుందా? గుర్తుంది. గుర్తు లేదని నాలుగు వాక్యాలు రాసి కొట్టేశాను. తొమ్మిదేళ్ళ పిల్ల వంటింట్లో కుండ దగ్గర నిలబడి, అక్క గ్లాసులో నీళ్ళు అంచు మీద ఉబ్బేదాకా పోయడం నా కళ్ళకు ఇప్పుడూ కనిపిస్తోంది. అక్క జవాబు చెబితే బాపు కళ్ళు మెరిసేవి. నేను చెబితే తల ఊపేవాడు, అంతే. ఆ మెరుపు నాకు కావాలి. కాబట్టి అసూయ నిన్న మొన్నటిది కాదు. వాదనలో ఎదుటివాడి సాక్ష్యం తప్పని నిరూపించడమే పనిగా బతికినదాన్ని. నా జీవితంలో మొట్టమొదటి గెలుపుకు సాక్ష్యం నేనే తారుమారు చేశాను.

అక్క చాట తీసి నా ఒళ్ళో పెట్టింది. "సుట్టు" అన్నది. నాకు రాదు. తంబాకు కారిపోయింది, ఆకు చీలింది. పక్కవాళ్ళు మేడమ్ గారు చుట్ట చుట్టింది, బీడీ కాదు అని వేళాకోళమాడారు. అయినా చాట బరువు తొడల మీద పడగానే, పిట్టగోడకు పాదాలు ఆనగానే, నా నడుము దానంతటదే కొంచెం ఊగింది. కొట్టడానికి అవ్వ లేదు, గ్లాసు లేదు. పావుగంట అట్లా కూర్చున్నాను. ఆ రోజు నోటుబుక్కులో "అవును" అని రాశాను. అది రాయడానికి కూడా నాకు కష్టమైంది, ఎందుకంటే ఆ "అవును" అక్క ఇచ్చింది.

సిరిసిల్లలో రెండో సభకు అక్కను తోడు రమ్మంటే వచ్చింది. ఎప్పుడూ నా సభకు రాలేదు, నేనెప్పుడూ పిలవలేదు. తడిపిన ఆకు గోనెలో చుట్టి పెట్టి, సాయంత్రంలోపల తిరిగి రావాలని, లేకపోతే ఆకు పాడైపోతుందని రెండుసార్లు చెప్పి బస్సెక్కింది.

సిరిసిల్లలో సభ ఒక ఫంక్షన్ హాల్లో. వెనక సందులో మగ్గాల షెడ్లు. కరెంటు మగ్గాల చప్పుడు గోడలోంచి వస్తూనే ఉంటుంది, అక్కడివాళ్ళకు అది వినపడదు కూడా. దారం కట్టే ఆయన నాకంటే ముందే వచ్చి పంచె సర్దుకుని కూర్చున్నాడు. అధ్యక్షుడు సారు నా వైపు చూడలేదు. ఆయనకూ భయంగానే ఉందనుకుంటాను. ఎదుటాయన లేవగానే మా సంఘంలో కొత్తగా చేరిన అమ్మాయి, నేనే తయారు చేసిన అమ్మాయి, అంచుదాకా నింపిన స్టీలు గ్లాసు రెండు చేతులతో తెచ్చి నాకిచ్చింది. మోకాలి మీద పెట్టుకోవడానికి.

నేను ఆ నీళ్ళు తాగేశాను. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి ముఖంలో రంగు మారింది, నేను నియమం మర్చిపోయాననుకుంది. సంచిలోంచి నా మూడు కిలోల బియ్యం మూట తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పాదాలు నేలకు నొక్కాను. మోకాలు ఆడటం మొదలుపెట్టింది. ఆడనిచ్చాను. మగ్గాల చప్పుడు ఒక తాళంలా ఉంది, దానితో పాటు ఆడింది.

ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ అది చూశాడు. సభ వైపు తిరిగి, "మేడమ్ గారి కాలు జూడుండ్రి, నరాలు ఎట్ల గుంజుతున్నయో. ఒక దారం కట్టించుకోమనుండ్రి, నేను ఉత్తగనే కడ్త" అన్నాడు. హాలంతా నవ్వింది. మా వాళ్ళు కూడా కొందరు నవ్వారు. అక్క మూడో వరుసలో కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు. చేతిలో పని లేక చీరె కొంగు అంచును బీడీలా చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతూ ఉంది. ఆమె మోకాలు కూడా ఆడుతోంది.

నా వంతు వచ్చింది. లేచాను. మొదటి అంశం మొదటే చెప్పాను. రెండోది చెప్పాను. మూడోదాని మధ్యలో తెగిపోయింది. పోయినేడు ఎట్లా తెగిందో అట్లాగే, తెల్లగా, ఏమీ లేకుండా. ఎదుటాయన పెదాల మీద పాత నవ్వు వస్తున్నది కనిపించింది. ఊపిరి నిదానంగా వదిలాను. మైకులో గుణుగు వినిపించిందట, తర్వాత చెప్పారు. తల నెమ్మదిగా తిప్పి హాలు ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాను. కొంగు చుడుతున్న చేతుల దగ్గర చూపు ఆగింది. ఆ చేతులు ఆగవు. ఎంత సేపైనా ఆగవు. మళ్ళీ మాట దొరికింది.

"నా కాలు ఊగుతది. నలభై ఏండ్లు ఊపకుంట బిగబట్టిన, అందుకే పోయినేడు మీ ముందల మాట తప్పిపోయిన" అన్నాను. నాకున్నది ఏమిటో, ఏ మాత్ర వేసుకుంటున్నానో, ఒళ్ళో బియ్యం మూట ఎందుకో చెప్పాను. నోటుబుక్కు తీసి ఎన్ని రోజులు "లేదు" అని రాశానో చదివి వినిపించాను. అయ్యా, దారం కట్టిన పిల్లల్లో ఎంతమందికి పని చెయ్యలేదో మీరు రాసిన పుస్తకం ఉంటే తెండి, పక్కపక్కన పెట్టి చూద్దాం అన్నాను. ఆయన దగ్గర పుస్తకం లేదు. నమ్మకానికి లెక్కలెందుకు అన్నాడు. ఈసారి హాలు నవ్వింది గానీ నన్ను చూసి కాదు.

గెలిచానా? దారం కట్టించుకునేవాళ్ళు ఆ సాయంత్రం కూడా ఆయన దగ్గరికి పోయే ఉంటారు. నేను రెండుసార్లు దారి తప్పాను, ఒకసారి కనపడేటట్టే. కానీ తిరిగి వచ్చాను, అరవలేదు. అధ్యక్షుడు సారు వచ్చి, వచ్చే నెల జగిత్యాల సభకు కూడా నీ పేరే రాస్తున్నానని చెప్పి, బియ్యం మూట ఒకసారి ఎత్తి బరువు చూసి ఇచ్చాడు. గ్లాసు తెచ్చిన అమ్మాయి పక్కన నిలబడి, ఇక నుంచి మేము కూడా గ్లాసు పెట్టుకోవద్దా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు పెట్టామో, ఎందుకు తీసేస్తున్నామో వచ్చే ఆదివారం మీరే చర్చించండి, నేను వింటాను అన్నాను. ఆ గ్లాసు ఎవరు ఎంత నింపేవారో కూడా ఆ రోజు చెప్పాలి. చెబుతాను.

బస్సులో అక్క కిటికీకి తల ఆనించి రెండు నిమిషాల్లో నిద్రపోయింది. సభ ఎట్లా ఉందని అడుగుదామని నేను చూస్తూ కూర్చున్నాను. ఇంత గొడవ మధ్య, ఈ గతుకుల్లో, అట్లా నిద్రపోగలగడం. మళ్ళీ కుళ్ళు పుట్టింది. ఒక సభతో, ఒక ఒప్పుకోలుతో అసూయ పోతుందని ఎవరైనా రాస్తే నేను నమ్మను.

వేములవాడలో బస్సు ఆగితే లేచి, దూపైతుంది, నీళ్ళు తెమ్మంది. బస్టాండు హోటల్లో అడిగి స్టీలు గ్లాసులో తెచ్చాను. జనంలో నుంచి రావాలి కదా, ఒలకకుండా కొంచెం తక్కువే పోయించుకున్నాను. అక్క కిటికీలోంచి చెయ్యి చాపి గ్లాసు తీసుకుని లోపలికి చూసింది. నా ముఖం చూసింది.

"ఇయ్యాల తక్కువ పోసినవేందే" అన్నది.

తాగి, గ్లాసు నాకిచ్చి, ఆకు ఎండిపోతుందేమో, డ్రైవర్‌ను జల్ది పొమ్మనమని చెప్పి మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆమె ఆ మాట అని నవ్వుకుంటోంది. నేను ఖాళీ గ్లాసు పట్టుకుని, ఆ నవ్వు మీద కూడా ఈర్ష్యపడుతూ, హోటల్ వైపు నడిచాను.